తెరమీద ఒక్క కట్... ఆకాశంలో పదిహేడు గంటలు!

హీరో పెట్టె పట్టుకుని విమానం మెట్లెక్కుతాడు. తల్లి కొంగుతో కళ్లొత్తుకుంటుంది. విమానం లేస్తుంది. కట్! మరుక్షణం హీరోగారు నల్లకళ్లద్దాలు పెట్టుకుని అమెరికాలో దిగిపోతారు. డ్యూయెట్ రెడీ!

మరి ఆ ‘కట్’ వెనక అసలు కథేమిటి?

ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి 2015 డిసెంబరులో ఎయిర్ ఇండియా ఎక్కడా ఆగని సర్వీసు మొదలుపెట్టింది. పడమరగా, అట్లాంటిక్ మీదుగా దారి. సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో రూటు మార్చి, తూర్పుగా పసిఫిక్ మీదుగా నడిపారు. ఈ దారి సుమారు 15,300 కిలోమీటర్లు. అంటే 1,400 ఎక్కువ! ఎంత ఆలస్యమైందనుకుంటున్నారు?

ఆలస్యమా? పద్నాలుగున్నర గంటల్లో చేరిపోయింది. పాత దారికన్నా సుమారు రెండు గంటల ముందే!

ఇందులో విలనూ గాలే, హీరో కూడా గాలే. విమానాలు ఎగిరే ఎత్తున పడమటి నుంచి తూర్పుకు జోరుగాలి వీస్తుంటుంది. ఒక్కోసారి దాని వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. పడమరగా వెళితే గోదావరిలో ఏటికి ఎదురీదినట్టే. తూర్పుగా వెళితే వాలున పడవేసినట్టే. దారి పొడుగైనా ప్రయాణం పొట్టిదైంది!

ఇక గడియారం చేసే మాయ చూడండి. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఓ విమానం ఉత్తర ధ్రువం మీదుగా వచ్చింది. కాక్‌పిట్‌లో నలుగురూ మహిళలే... జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్. దూరం దాదాపు 14,000 కిలోమీటర్లు. 9వ తేదీ రాత్రి అక్కడ బయలుదేరి, 11 తెల్లవారుజామున ఇక్కడ దిగారు.

అయితే 10వ తేదీ ఏమైపోయింది? ఎక్కడికీ పోలేదండీ! చలికాలంలో మన గడియారం వాళ్లకన్నా పదమూడున్నర గంటలు ముందుంటుంది. అక్కడ 9 రాత్రి ఎనిమిదిన్నర అంటే మనకప్పటికే 10 ఉదయం పది. వాళ్లు గాలిలో ఉన్నది సుమారు పదిహేడు గంటలే. రెండున్నర గంటల సినిమాలు దాదాపు ఏడు చూసినంతసేపు!

అందుకే, అక్కణ్ణించి మీ అన్నయ్య వస్తున్నాడంటే ఇంట్లో అమ్మకు టికెట్టు మీద తేదీలు చెప్పి ఊరుకోకండి. “తొమ్మిదిన ఎక్కినవాడు పదకొండున దిగడమేమిట్రా, మధ్యలో ఏమైనట్టు?” అని ఆవిడ అన్నం ముట్టదు. “మన టైము పదింటికి ఎక్కాడమ్మా, రాత్రి మూడింటికి దిగుతాడు” అని చెప్పండి చాలు.

సినిమాలో తల్లికి ఆ ‘కట్’ ఒక్క క్షణం. ఇంట్లో అమ్మకు మాత్రం పదిహేడు గంటలూ రీలు తిరుగుతూనే ఉంటుంది!