వగ్గ వగ్గ: కాకులా, నాట్యాలా?

ఆస్ట్రేలియా పటంలో కనిపించే పరమట్టా, వూలంగాంగ్, జీలాంగ్, బల్లారాట్ వంటి ఊరి పేర్లు అక్కడి ఆదివాసుల భాషల నుంచి వచ్చినవి. వలస వచ్చిన బ్రిటిష్ వారు స్థానికుల నోట విని, తమ చెవికి తోచినట్టు ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకున్నారు. ఒక్కో పేరుకూ ఓ ముచ్చటైన అర్థం ప్రచారంలో ఉంటుంది: కలుసుకునే చోటు, నీళ్లున్న చోటు, పక్షులు వాలే చోటు. ఆ భాష తెలిసినవారిని అడిగేదాకా ఇలాంటి అర్థాలను నమ్మకపోవడమే మేలు. అందుకు పెద్ద సాక్ష్యం వగ్గ వగ్గ.

న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో మరంబిడ్జీ నది ఒడ్డున ఉన్న ఈ నగరం విరాజురి ప్రజల నేల. 1849లో ఊరుగా గెజెట్‌కెక్కింది, 1946లో నగరమైంది. వాడుకలో అంతా ఒక్కసారే 'వగ్గ' అని సరిపెడతారు. 'కాకులు ఎక్కువగా ఉండే చోటు' అన్న అర్థం తరాల తరబడి చెలామణి అయింది. కాకి ఊరికి గుర్తుగా మారిపోయింది. ఈ అర్థానికి ఆధారం లేకపోలేదు. విరాజురిలో కాకిని 'వాగన్' అంటారు. తెలుగులో 'పెద్ద పెద్ద చెట్లు' అన్నట్టే ఆ భాషలోనూ మాటను రెండుసార్లు పలికితే 'అనేకం' అనే భావం వస్తుంది.

చిక్కల్లా వాగన్ అనే మాటతోనే ఉంది. దానికి మొదట దీర్ఘం, చివర నకారం ఉన్నాయి. ఊరి పేరులో ఆ నకారం లేదు. దీర్ఘం సంగతి ఇంగ్లిషు స్పెల్లింగును చూసి తేల్చలేం. అందులో హ్రస్వదీర్ఘాలు విడిగా కనబడవు. తెలుగు లిపిలో రాసి ఉంటే ఈ గందరగోళం సగం తగ్గేది. విరాజురి పెద్దలు చూపించే మూలం వేరు: నాట్యానికి సంబంధించిన 'వగ' అనే ధాతువు. ఆ లెక్కన వగ్గ వగ్గ అంటే నాట్యాలు, వేడుకలు అనేకం జరిగే చోటు. 2019 ఆగస్టులో నగర పాలక మండలి దీన్నే అధికారిక అర్థంగా స్వీకరించి, కాకుల అర్థాన్ని వదిలేసింది.

ఈ దిద్దుబాటు వెనక ఒక భాష బతికి బయటపడిన కథ ఉంది. విరాజురి పెద్ద స్టాన్ గ్రాంట్ సీనియర్ చిన్నప్పుడు ఆయన తాత పార్కులో మనవణ్ని విరాజురిలో పిలిచి, ఆ నేరానికి ఒక రాత్రి లాకప్‌లో గడపవలసి వచ్చింది. ఆ మనవడే పెద్దయ్యాక భాషావేత్త జాన్ రడర్‌తో కలిసి విరాజురి నిఘంటువు తయారుచేశారు. చార్లెస్ స్టర్ట్ విశ్వవిద్యాలయంలో 2014 నుంచి విరాజురి భాషా సంస్కృతుల కోర్సు నడుస్తోంది. నిఘంటువు, పాఠం, మాట్లాడే మనిషి ఉన్నప్పుడే ఊరి పేరును సరిగ్గా విడదీసి చూడగలిగారు.

ఈ పేర్ల వెనకున్న చరిత్ర క్లుప్తంగా ఇదీ. 1788లో బ్రిటిష్ వలస మొదలైనప్పుడు ఖండంలో 250కి పైగా భాషలుండేవి. 1828లో సర్వేయర్ జనరల్ అయిన థామస్ మిచెల్ స్థానిక నామాలను అలాగే ఉంచమని సర్వేయర్లకు చెప్పాడు. పేర్లు పటానికెక్కాయి; వాటిని పలికిన మనుషులను మాత్రం నేల నుంచి వెళ్లగొట్టారు, మిషన్లలో పిల్లల నోట సొంత భాష రాకుండా చేశారు. ఇప్పుడు పిల్లలు పుట్టుకతో నేర్చుకుంటున్న భాషలు పన్నెండు దాకా మాత్రమే.

సిడ్నీకి పడమరన, తెలుగు కుటుంబాలూ స్థిరపడిన పరమట్టా కథ ఇంత చిక్కు లేనిది. 1788లో రోజ్ హిల్ అని పెట్టిన పేరును గవర్నర్ ఫిలిప్ 1791లో మార్చాడు. అక్కడి దరుగ్ ప్రజల్లో ఒక తెగ బర్రమట్టగల్. అందులోని 'బర్రమట్ట'కు పాములా సాగే ఈల్ చేపలు ఉండే చోటు అని అర్థం. స్థానిక రగ్బీ జట్టు పేరు కూడా ఈల్స్. బర్ర కాస్తా పర అయిందంటే, ఈ ఖండపు భాషల్లో చాలావాటికి ప, బ ల తేడాతో పని లేదు. విన్నవాడు తోచిన అక్షరం వేసుకున్నాడు.

చివర 'అప్' ఉంటే

పశ్చిమ ఆస్ట్రేలియా నైరుతి మూలన నూంగర్ భాషలో 'అప్' అంటే చోటు. అందుకే మంజిమప్, కోజనప్, జూండలప్, నానప్. మంజిమప్‌లో ఉన్నది మంజిన్ అనే తినే దుంప. కోజనప్‌లో ఉన్నది రాతి గొడ్డలి.

తేలినవీ, తేలనివీ

క్యాన్‌బెరాకు 1913 మార్చి 12న గవర్నర్ జనరల్ భార్య లేడీ డెన్మన్ ఆ పేరు ప్రకటించారు. 'కలుసుకునే చోటు' అన్న అర్థానికి ప్రచారమెక్కువ. రెండు కొండల నడుమ పల్లాన్ని స్త్రీ వక్షోజాల మధ్య చోటుతో పోల్చిన పేరని మరో వాదన. టువూంబా ఒక కాయ పేరని కొందరు, చిత్తడి నేలను చెప్పే ఇంగ్లిషు మాట స్థానికుల నోట అలా మారిందని ఇంకొందరు అంటారు.

మెల్‌బోర్న్‌లోని మోర్‌లాండ్ పురపాలక ప్రాంతానికి జమైకాలో బానిసలతో పని చేయించిన ఎస్టేటు పేరుండేది. ఆ నేల ఆదివాసులైన వురుంజెరి పెద్దలు మూడు పేర్లు సూచించగా, నివాసుల అభిప్రాయం తీసుకుని 2022 సెప్టెంబరులో 'మెర్రిబెక్' ఖాయం చేశారు. వారి వోయివురుంగ్ భాషలో దానర్థం రాతి నేల.