తీవ్ర అస్వస్థతలో దేహ జీవక్రియ: పోషణ పరిమాణం, సమయం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఐ.సి.యు.లో చికిత్స పొందుతున్న రోగి దేహం ఆహారాన్ని ఆరోగ్యవంతుని దేహంలా వినియోగించుకోలేదు. తీవ్ర గాయం, పెద్ద శస్త్రచికిత్స, సెప్సిస్ వంటి విపత్తులలో దేహం తన కండరాలనే కరిగించి శక్తిని సమకూర్చుకుంటుంది. బయటి నుంచి ఎంత పోషణ అందించినా తొలి రోజులలో ఈ క్షయం ఆగదు. అతిగా అందిస్తే అదనపు హాని కలుగుతుంది. ఈ జీవక్రియా పరిణామాన్నీ, గత రెండు దశాబ్దాల ప్రయోగ ఫలితాలనూ వివరించి, పోషణలో పరిమాణంతో సమానంగా సమయానికీ ప్రాధాన్యం ఉందని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: తీవ్ర అస్వస్థత, జీవక్రియ, కండర క్షయం, ఇన్సులిన్ నిరోధకత, భాస్వరం, మాంసకృత్తులు.

1. ఉపోద్ఘాతం

ఐ.సి.యు. తలుపు బయట నిరీక్షించే కుటుంబసభ్యులు వైద్యులను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: “నాలుగు రోజులైంది, కడుపులోకి ఏమీ పోలేదు. ఇంకాస్త ఎక్కువ పెట్టకూడదా?” ఈ ప్రశ్న వెనుక ఉన్నది సహజమైన ఆర్తి. తింటేనే బలం అన్నది లోకానుభవం. జ్వరం వచ్చినవారికి లంఘనమే ఔషధమన్న భావన కూడా అదే సమాజంలో ఉంది. ఈ రెండు అభిప్రాయాల మధ్య ఆధునిక వైద్యం కూడా చాలాకాలం ఊగిసలాడింది. ఏది ఎప్పుడు సరైనదో తెలియాలంటే, ముందుగా తీవ్ర అస్వస్థతలో దేహంలో ఏం జరుగుతుందో గ్రహించాలి.

2. ఉపవాసానికీ అస్వస్థతకూ గల భేదం

ఆరోగ్యవంతుడు ఉపవాసం ఉంటే కాలేయంలోని గ్లైకోజెన్ నిల్వ సుమారు ఒక రోజులో తరిగిపోతుంది. ఆ తరువాత దేహం కండరాలలోని అమైనో ఆమ్లాల నుంచి గ్లూకోజును తయారుచేసుకుంటుంది. కొద్ది రోజులలో కొవ్వు నుంచి కీటోన్లు తగినంతగా ఏర్పడతాయి. మెదడు వాటిని ఇంధనంగా స్వీకరిస్తుంది. గ్లూకోజు అవసరం తగ్గడంతో కండరం చాలావరకు రక్షింపబడుతుంది. మనిషి వారాల తరబడి ఉపవాసాన్ని తట్టుకోవడానికి ఈ పొదుపే కారణం.

తీవ్ర అస్వస్థతలో ఈ పొదుపు సాగదు. కార్టిసాల్, అడ్రినలిన్, గ్లూకగాన్ హార్మోన్లు పెరుగుతాయి. వాపుకు కారణమయ్యే సైటోకైన్లు రక్తంలో వ్యాపిస్తాయి. ఇన్సులిన్ ఉన్నా కణాలు దానికి స్పందించవు. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నా కాలేయం మరింత గ్లూకోజును తయారుచేస్తూనే ఉంటుంది. అందుకు కావలసిన ముడిసరుకు కండరం నుంచే వస్తుంది. గాయం మానడానికీ, రోగనిరోధక కణాల వృద్ధికీ అవసరమైన అమైనో ఆమ్లాలు కూడా అక్కడి నుంచే వెళ్తాయి.

ఈ మార్పును శాస్త్రీయంగా తొలుత వివరించినవారిలో డేవిడ్ కత్‌బర్ట్‌సన్ ముఖ్యుడు. ఎముకలు విరిగిన రోగుల మూత్రంలో నత్రజని నష్టం అధికంగా ఉండడాన్ని ఆయన గ్లాస్గోలో 1930 ప్రాంతంలో గమనించాడు. గాయపడిన చోటి కణజాలం మాత్రమే నశిస్తే అంత నష్టం సాధ్యం కాదు. కాబట్టి దేహమంతటా కండరం కరుగుతోందని ఆయన నిర్ధారించాడు. 1942లో ఈ ప్రతిస్పందనను ఆయన రెండు దశలుగా విభజించాడు. మొదటిది జీవక్రియ మందగించే ‘ఆటు’ దశ, రెండవది అది ఉధృతమయ్యే ‘పోటు’ దశ. సముద్రపు ఆటుపోట్లను స్ఫురింపజేసే ఈ విభజన నేటికీ వైద్యవిద్యలో నిలిచి ఉంది.

కండర క్షయం ఎంత వేగంగా జరుగుతుందో 2013లో వెలువడిన ఒక లండన్ అధ్యయనం వెల్లడించింది. 63 మంది రోగుల తొడ కండరాన్ని అల్ట్రాసౌండ్ ద్వారా కొలువగా, పది రోజులలో దాని విస్తీర్ణం సగటున 17.7 శాతం తగ్గింది. కోలుకున్న రోగి మంచం దిగి నిలబడలేకపోవడానికి ఈ నష్టం ఒక ముఖ్య కారణం.

3. అధిక పోషణ: ఆశ, గుణపాఠం

కండరం కరుగుతోంది కాబట్టి ఎక్కువ ఆహారం ఇస్తే నష్టం పూడుతుందన్నది సహజమైన ఊహ. 1960ల చివరలో స్టాన్లీ డడ్రిక్, ఆయన సహచరులు సిర ద్వారా సంపూర్ణ పోషణ అందించే పద్ధతిని రూపొందించిన తరువాత ఆ ఊహకు సాధనం కూడా లభించింది. కానీ రోగి దేహం తొలి రోజులలో తన నిల్వల నుంచి శక్తిలో గణనీయమైన భాగాన్ని తానే విడుదల చేస్తుంది. ఆహారం అందినా ఈ అంతర్గత ఉత్పత్తి ఆగదు. అందుచేత అవసరమైన మొత్తాన్ని బయటి నుంచే ఇస్తే రెండూ కలిసి అవసరాన్ని మించిపోతాయి. రక్తంలో చక్కెర పెరుగుతుంది, కాలేయంలో కొవ్వు చేరుతుంది, బొగ్గుపులుసు వాయువు అధికంగా ఉత్పత్తి అయి ఊపిరితిత్తులపై భారం పడుతుంది. పాడైన కణభాగాలను శుభ్రపరిచే ఆటోఫేజీ ప్రక్రియ కూడా అధిక పోషణ వల్ల మందగిస్తుందని పరిశోధకులు భావిస్తున్నారు.

ప్రయోగ ఫలితాలు ఈ అవగాహనకు అనుగుణంగానే ఉన్నాయి. బెల్జియంలో 4,640 మందిపై జరిగి 2011లో ప్రచురితమైన అధ్యయనంలో, సిర ద్వారా అదనపు పోషణను తొలి రెండు రోజులలో మొదలుపెట్టిన వారికంటే ఎనిమిదవ రోజు వరకు ఆపినవారిలో ఇన్ఫెక్షన్లు తక్కువగా కనిపించాయి. వారు త్వరగా కోలుకున్నారు. 2023లో ప్రచురితమైన ఫ్రాన్స్ అధ్యయనంలో వెంటిలేటర్‌పై ఉండి షాక్‌కు మందులు పొందుతున్న 3,044 మందిని రెండు వర్గాలుగా విభజించి పరిశీలించారు. మొదటి వారంలో ఒక వర్గానికి రోజుకు కిలో బరువుకు 6 కిలో కేలరీలు, రెండవ వర్గానికి 25 కిలో కేలరీలు లక్ష్యంగా నిర్ణయించారు. అరవై కిలోల రోగికి ఇది 360కీ 1,500కీ మధ్య భేదం. తొంభై రోజుల మరణాల రేటులో చెప్పుకోదగిన తేడా లేదు. తక్కువ పొందినవారే ముందుగా ఐ.సి.యు. నుంచి బయటపడే స్థితికి చేరారు. వాంతులు, విరేచనాలు కూడా వారిలో తక్కువ.

మాంసకృత్తుల విషయమూ ఇంతే. 2023లోనే ప్రచురితమైన, సుమారు 1,300 మందిపై జరిగిన అంతర్జాతీయ ప్రయోగంలో కిలోకు 2.2 గ్రాములు లేదా అంతకు మించి ఇవ్వడం వల్ల మేలు కనిపించలేదు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో హాని సూచనలు కనిపించాయి. 2013 నాటి మరొక ప్రయోగంలో, పలు అవయవాలు విఫలమైన రోగులకు గ్లుటమిన్ అధిక మోతాదులో ఇవ్వగా ఆరు నెలలలో మరణాలు పెరిగాయి. లోపించిన పదార్థాన్ని అందిస్తే చాలునన్న సూత్రం ఇక్కడ వర్తించలేదు.

4. భాస్వరం: అకస్మాత్తు పోషణలోని ప్రమాదం

చాలా రోజులు పస్తులున్నవారికీ, క్షయ, క్యాన్సర్, మద్యపానం వంటి కారణాలతో చిక్కిపోయినవారికీ మరొక అపాయం ఉంది. ఆహారం ఒక్కసారిగా అందగానే ఇన్సులిన్ పెరిగి రక్తంలోని భాస్వరం, పొటాషియం, మెగ్నీషియంలను కణాలలోకి పంపుతుంది. కణాల శక్తి నాణెమైన ఏ.టి.పి. తయారీకి భాస్వరం తప్పనిసరి. రక్తంలో అది పడిపోతే శ్వాస కండరాలు బలహీనపడతాయి, గుండె లయ తప్పుతుంది. దీనినే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు.

ఈ సందర్భంలో భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు స్మరణీయుడు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన 1925లో ప్రచురించిన భాస్వర పరిమాణ నిర్ణయ పద్ధతి జీవరసాయన శాస్త్రంలో దశాబ్దాలపాటు ప్రామాణికంగా నిలిచింది. కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను వెలికితీయడానికి ఆ కొలతే మార్గం చూపింది. ఏ.టి.పి.ని గుర్తించిన తొలి పరిశోధకులలోనూ వారిద్దరూ ఉన్నారు. నేడు రోగికి ఆహారం మొదలుపెట్టాక వైద్యుడు భాస్వర పరీక్ష కోరడం వెనుక ఈ విజ్ఞానమే ఉంది.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో భాస్వరం పడిపోయిన 339 మంది రోగులపై జరిగి 2015లో వెలువడిన ప్రయోగంలో, కేలరీలను తాత్కాలికంగా తగ్గించినవారిలో అరవై రోజుల నాటికి బతికినవారు ఎక్కువ. ఇటువంటి రోగులకు ఆహారానికి ముందే థయమిన్ ఇవ్వడం కూడా ముఖ్యం.

5. ఆచరణ

పై ఫలితాల అర్థం ఆహారం మానివేయాలని కాదు. పేగు పనిచేస్తూ, రక్తపోటు స్థిరపడిన రోగికి 48 గంటలలోపు ముక్కు గొట్టం ద్వారా పోషణ మొదలుపెట్టాలని యూరోపియన్ పోషణ సంస్థ 2019 మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. తొలి రోజులలో శక్తి వ్యయంలో 70 శాతానికి మించకుండా ఇచ్చి, మూడవ రోజు తరువాత 80 నుంచి 100 శాతానికి పెంచవచ్చు. మాంసకృత్తులను కిలోకు 1.3 గ్రాముల వరకు క్రమంగా చేర్చాలి. అరవై కిలోల రోగికి ఇది రోజుకు 78 గ్రాములు. సెలైన్ వల్ల దేహం ఉబ్బినప్పుడు తూచిన బరువుతో లెక్కిస్తే మోతాదు పొరబడుతుంది. కనుక రోగి పూర్వపు బరువును కుటుంబసభ్యుల నుంచి తెలుసుకోవడం ఉపయోగకరం.

భారతీయ ఆసుపత్రులలో పాలు, జావ, పప్పుకట్టు వంటివి మిక్సీలో కలిపి గొట్టం ద్వారా ఇచ్చే అలవాటు ఉంది. వీటిలో పోషకాల మోతాదు ప్రతిసారీ ఒకేలా ఉండదు, సూక్ష్మజీవులు చేరే అవకాశం ఎక్కువ. అందువల్లనే భారతీయ క్రిటికల్ కేర్ వైద్య సంఘం మార్గదర్శకాలు ప్రామాణిక ఫార్ములా ఆహారానికి ప్రాధాన్యమిచ్చాయి.

6. కోలుకునే దశ

సంయమనం తొలి వారానికే పరిమితం. వాపు తగ్గి, ఇన్సులిన్‌కు కణాలు మళ్లీ స్పందించడం మొదలయ్యాక దేహం నిర్మాణానికి సిద్ధమవుతుంది. అప్పుడు శక్తి, మాంసకృత్తులు రెండూ పెరగాలి. వాటికి వ్యాయామం తోడవ్వాలి. అయితే సరిగ్గా ఈ దశలోనే నిర్లక్ష్యం చోటుచేసుకుంటుంది. గొట్టం తీయగానే పోషణ పూర్తయిందని భావిస్తారు. రోగికి ఆకలి ఉండదు, వెంటిలేటర్ గొట్టం వల్ల మింగడం కష్టమవుతుంది. మింగే సామర్థ్యాన్ని పరీక్షించి, అవసరమైతే గొట్టాన్ని మరికొన్ని రోజులు కొనసాగించడం మేలు. మింగగలిగిన తరువాత ఇంటి నుంచి వచ్చే గుడ్డు, పెరుగు, మెత్తని పప్పన్నం నిజమైన ఔషధాలవుతాయి.

7. ముగింపు

తీవ్ర అస్వస్థతలో ఆకలి, కండర క్షయం, పోషణ – ఈ మూడింటి సంబంధం ఆరోగ్యవంతులలో ఉన్నంత సరళం కాదు. ఆటుదశలో అతిపోషణ భారమవుతుంది, కోలుకునే దశలో అల్పపోషణ నష్టమవుతుంది. “ఇంకాస్త ఎక్కువ పెట్టకూడదా?” అన్న కుటుంబసభ్యుల ప్రశ్న తప్పు కాదు, అది కొంత ముందుగా వచ్చిన ప్రశ్న. ఇవాళ కొద్దిగా ఎందుకు ఇస్తున్నారో, ఏ రోజు నుంచి పెంచుతారో వైద్యుడు వారికి విడమరచి చెప్పగలిగితే, రోగి ఇంటికి చేరాక కండను తిరిగి నిలబెట్టే సుదీర్ఘ కృషిలో ఆ కుటుంబమే ప్రధాన భాగస్వామి అవుతుంది.