మాత్ర తప్పిన కషాయము – మా ఇంట శార్వరి సంవత్సరము

ప్రయాణము శరీరానికి ఒక పరీక్ష. నీరు మారుతుంది, గాలి మారుతుంది, నిద్రవేళ మారుతుంది. ఈ మార్పులకు శరీరము క్రమంగా అలవాటు పడటాన్నే మన శాస్త్రము సాత్మ్యము అన్నది. 2020లో కరోనా మహమ్మారి వలన పట్టణాలు విడిచి సొంత ఊళ్ళకు చేరిన కుటుంబాలు ఎన్నో. అందులో మా కుటుంబము ఒకటి. నలభై ఏళ్ళుగా ఇతరులకు పథ్యము చెబుతున్న నేను ఆ ఏడాది కాలంలో రెండు పొరపాట్లు చేశాను. పాఠకులకు ఉపయోగపడగలవని వాటిని దాపరికము లేకుండా వ్రాస్తున్నాను.

హైదరాబాదు నుండి కోరుకొండకు

మా చిన్నబ్బాయి హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగి. ఉగాదికి పిల్లలతో కోరుకొండ వస్తానన్నాడు. 2020 మార్చి 25న ఉగాది వచ్చినది, ఆనాడే దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనది. ఆ సంవత్సరము పేరు శార్వరి. శర్వరి అనగా రాత్రి.

ఫోనులో కోడలు అడిగినది: "మామయ్యగారూ, పిల్లలకు ఏమి ఇవ్వమంటారు?"

"శొంఠి, మిరియాలు, తులసి వేసి కషాయము కాచి ఇవ్వమ్మా" అన్నాను. ఎంత ఇవ్వాలో, ఎన్ని పూటలో, ఎన్నాళ్ళో చెప్పలేదు. ఇది నా మొదటి పొరపాటు.

మే నెల చివరి వారంలో వారికి ప్రయాణపు అనుమతి దొరికినది. నాలుగు వందల కిలోమీటర్లకు పైబడిన దారి. రాష్ట్ర సరిహద్దు వద్ద గరికపాడు తనిఖీ కేంద్రము దగ్గర ఎండలో గంటల తరబడి కారులోనే కూర్చున్నారు. దాహమైనప్పుడల్లా పిల్లలకు ఫ్లాస్కులోని కషాయమే పట్టించారు. గోదావరి దాటి ఇల్లు చేరేసరికి చీకటి పడినది. పెరటి గదిలో పదునాలుగు రోజులు వేరుగా ఉండాలని ముందే నిర్ణయించుకున్నాము.

మూడవనాడు తొమ్మిదేళ్ళ మనుమడికి ముక్కు నుండి రక్తము కారినది. కోడలికి నోటిపూత, మూత్రములో మంట. కిటికీ ఇవతల నిలబడి విచారించగా తెలిసినది: రెండు నెలలుగా రోజుకు మూడు పూటలు, పెద్ద గ్లాసుల నిండా, ఘాటైన మిరియాల కషాయము! బయట రోహిణి కార్తె ఎండలు, లోపల మిరియపు వేడి. పిత్తము ప్రకోపించుటలో వింత ఏమున్నది?

"మీరే చెప్పారు గదా మామయ్యగారూ" అన్నది కోడలు, నిందగా కాదు, అమాయకంగా. నాకు జవాబు తోచలేదు.

చరకుడు చికిత్సా సిద్ధిని మాత్రకు, కాలానికి ముడిపెట్టినాడు. మాత్ర అనగా పరిమాణము. ఈ రెండూ చెప్పని వైద్యుడు మందు పేరు మాత్రమే చెప్పినట్లు, వైద్యము చెప్పినట్లు కాదు. ఆయుష్ మంత్రిత్వ శాఖ 2020 మార్చి 31న ఇచ్చిన సూచనలలో కూడ తులసి, దాల్చినచెక్క, మిరియాలు, శొంఠి, ఎండుద్రాక్షల తేనీరు రోజుకు ఒకటి రెండుసార్లు అనే ఉన్నది. అది ఒంటికి బలము కోసము చెప్పినదే గాని, వ్యాధిని కుదుర్చు మందు కాదు.

కషాయము నాడే మాన్పించాను. రాత్రి ఒక చెంచా ధనియాలు, పది ఎండుద్రాక్షలు గ్లాసు నీటిలో నానవేసి, ఉదయము పిసికి వడగట్టి ఇప్పించాను. వట్టివేరు వేసిన కుండ నీరు, పలుచని మజ్జిగ, తాటిముంజెలు. వారము దినాలలో అందరికీ చల్లబడినది.

పాదాంశిక క్రమము

రెండవ చిక్కు అలవాట్లది. పిల్లలు అర్ధరాత్రి వరకు మేలుకొని, తొమ్మిదింటికి లేచి, రొట్టెముక్కలు తినుటకు అలవాటు పడ్డారు. మా ఇంట తెల్లవారుజామున లేచుట, చద్దన్నము, తరవాణి. ఒక్కనాటిలో మార్చబోతే పిల్లలకు అజీర్ణము, పెద్దలకు కోపము మిగులుతాయి.

మంచి అలవాటైనను నాలుగవ వంతు చొప్పున చేర్చవలెనని, చెడ్డ అలవాటైనను నాలుగవ వంతు చొప్పుననే విడువవలెనని శాస్త్రము. దీనికే పాదాంశిక క్రమమని పేరు. నిద్రవేళను మూడు రోజులకొకసారి పావుగంట చొప్పున ముందుకు జరిపాము. మొదట నాలుగు ముద్దల చద్దన్నము, తక్కినది వారి రొట్టె. శ్రావణమాసము వచ్చేసరికి పిల్లలు మాతోపాటే లేచి, ఆన్‌లైను పాఠాలకు ముందే డాబామీద నడిచేవారు. శీతకాలములో మనుమడు కొండమీది నరసింహస్వామి మెట్లన్నీ ఆగకుండా ఎక్కి, నాకోసము పైన కూర్చున్నాడు.

రెండవ పొరపాటు

2021 జనవరి 16న దేశములో టీకాలు ఆరంభమైనవి. మార్చి 1 నుండి అరువది దాటిన వారికి ఇచ్చారు. మా అబ్బాయి తొందరపెట్టినను "జనము పలుచబడిన తరువాత చూద్దాములే" అని నేనే వాయిదా వేశాను. కాలము తప్పుట అంటే ఇదే. ఏప్రిల్‌లో రెండవ ఉద్ధృతి వచ్చినది. మే నెలలో పగటి పన్నెండు గంటల నుండి కర్ఫ్యూ. ఆ రోజులలోనే మా సహధర్మచారిణికి జ్వరము తగిలినది.

నాలుగు రోజులు లంఘనము, జావ, వేడినీరు. అయిదవనాడు ఆమె మంచము మీదినుండి లేచుటకే ఆయాసపడినది. నాడి చూచి మరొక్క రోజు ఆగుదామనుకున్నాను. కోడలు వేలికి పెట్టే ఆక్సీమీటరు తెచ్చినది.

"తొంభై ఒకటి, మామయ్యగారూ. ఇక ఇంట్లో ఉంచవద్దు."

"ఒక్క రాత్రి చూద్దామమ్మా."

"కషాయము మాత్ర చెప్పలేదని మీరే బాధపడ్డారు. ఇది కాలము తప్పే పని కాదా?"

గురువుగారింట పాఠము చెప్పుకున్న రోజులు కళ్ళముందు మెదిలినవి. పక్వమైన గుల్మము శస్త్రవైద్యులైన ధాన్వంతరీయుల అధికారమని చరకుడే చెప్పినాడు. తనది కాని చోట తప్పుకొనుట వైద్యునికి లోటు కాదని గురువుగారు ఆ చోట పుస్తకము మూసి మరీ చెప్పేవారు. ఆ సాయంత్రమే రాజమహేంద్రవరము తీసుకొని వెళ్ళాము. పదకొండు రోజులు ప్రాణవాయువు పెట్టారు. ఆమె నడిచి ఇంటికి వచ్చినది. మరొక్క రాత్రి ఆగి ఉంటే ఏమయ్యేదో ఊహించుటకు నేటికీ నాకు ధైర్యము చాలదు.

జూన్ చివర, తెలంగాణలో లాక్‌డౌన్ ఎత్తివేసిన పిదప, పిల్లలు తిరిగి ప్రయాణమైనారు. కోడలు సంచిలో శొంఠి పొట్లము పెడుతూ నవ్వి, "ఎంత, ఎప్పుడు?" అని అడిగినది. ఈసారి కాగితము మీద వ్రాసి ఇచ్చాను.

పాఠకులకు సూచనలు

● శొంఠి, మిరియాల కషాయము వర్ష, శీతకాలములలో పెద్దలకు చిన్న కప్పు, పూటకొకటి, రెండు పూటలు చాలును. ఎండకాలములోను, కడుపుమంట, మూలవ్యాధి గలవారికిని తగదు. గర్భిణులు, నిత్యము మందులు వాడువారు వైద్యుని అడిగి త్రాగవలెను.

● ముక్కు నుండి రక్తము కారినచో తల వెనుకకు వంచరాదు. ముందుకు వంచి, ముక్కు మెత్తని భాగమును పది నిమిషాలు నొక్కి పట్టవలెను. ఆగకున్న ఆసుపత్రికి వెళ్ళవలెను.

● ఊరు మారినప్పుడు మొదటి వారము తేలికగా తిని, కాచి చల్లార్చిన నీరు త్రాగి, అలవాట్లను పావువంతు చొప్పున మార్చుకొనవలెను.

● జ్వరముతో ఆయాసము కలిగినను, ప్రాణవాయువు 94 కంటె తగ్గినను ఇంటివైద్యముతో జాగు చేయరాదు. ఆ వేళ రోగిని ఆసుపత్రికి చేర్చుటే వైద్యము.