ఏటి ఒడ్డున చిత్రశాల

పోయిన సంక్రాంతి సెలవుల్లో రాజమహేంద్రవరం వెళ్లాను. తెల్లవారగానే గోదావరి గట్టు వెంట నడవడం నాకు చదువుకునే రోజులనాటి అలవాటు. ఆ వేళ మా బావమరిది కూడా వెంట వచ్చాడు. బ్యాంకులో ఉద్యోగం, లెక్క తేలని వ్యవహారమంటే అతనికి గిట్టదు.

రేవు దగ్గరికి వచ్చేసరికి పన్నెండుమంది కుర్రవాళ్లూ ఆడపిల్లలూ మెట్ల మీద బారులు తీరి కూర్చుని బొమ్మలు వేస్తున్నారు. మంచు ఇంకా విడలేదు. ఎదురుగా ఒడ్డుకు కట్టిన పాత పడవ ఒకటి ఉంది. అందరి చూపూ దాని మీదనే. పక్కపక్కన కూర్చున్న ఇద్దరమ్మాయిల వెనక కాసేపు నిలబడ్డాం. ఒకామె కాగితం నిండా నీళ్లే. పడవ మూలకు ఒదిగిపోయింది. రెండో ఆమెకు నీళ్లు పట్టలేదు. పడవలో ముడుచుకుని చుట్ట కాలుస్తున్న ముసలివాడు పట్టాడు.

నాలుగడుగులు వేశాక మా బావమరిది అందుకున్నాడు.

“బావగారూ! జేబులోంచి ఫోను తీసి ఒక్క నొక్కు నొక్కితే వచ్చే బొమ్మ కోసం ఈ చలిలో ఇంత అవస్థ ఎందుకండీ? పోనీ వేయాలనే ఉంటే ఇంట్లో కూచుని వేసుకోకూడదూ? పోనీ బయటే వేయాలంటే, ఊరంతా వదిలేసి అందరూ ఒక్కచోటే చేరి ఒకే పడవను వేయడమేమిటి?”

మూడు ప్రశ్నలూ మంచివే. గట్టు మీద టీ కొట్టు దగ్గర బల్ల మీద కూర్చుని నేను చెప్పిన జవాబు కాస్త పొడుగైంది. అందులో సారం ఇది.

పంది తిత్తి, తగరపు గొట్టం

ఏరునూ అడవినీ చూసి మురిసిపోని చిత్రకారుడు ఏ కాలంలోనూ లేడు. కాని పూర్వం ఐరోపాలో ప్రకృతి దృశ్యాలు వేసేవారిలో చాలామంది బయటికి వెళ్లి పెన్సిలుతో గుర్తులు గీసుకుని, అసలు బొమ్మను ఇంటికి వచ్చి నాలుగు గోడల మధ్య వేసేవారు. ఇది బద్ధకం కాదు. రంగుల పొడిని నూనెలో నూరుకోవాలి. నూరిన ముద్దను పంది తిత్తిలో పోసి మూతి కట్టాలి. కావలసినప్పుడు మేకుతో పొడిచి పిండాలి. ఒకసారి పొడిచిన తిత్తి మళ్లీ సరిగా మూతపడదు, రంగు ఎండిపోతుంది. దారిలో పగిలిందా, బట్టలే బొమ్మ అవుతాయి!

1841లో లండనులో ఉంటున్న జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికా చిత్రకారుడు, పిండితే నొక్కుకుపోయే తగరపు గొట్టాన్ని కనిపెట్టి పేటెంటు తీసుకున్నాడు. ఇవాళ మనం పళ్లు తోముకునే పేస్టు వచ్చే గొట్టానికి అది తాత. మూత తిప్పి రంగు తీసుకుని, మళ్లీ బిగించి సంచిలో వేసుకోవచ్చు. ఇంచుమించు ఆ రోజుల్లోనే పారిసు నుంచి చుట్టుపక్కల పల్లెలకు రైళ్లు వేశారు. చిత్రకారుడు పొద్దున్న బయలుదేరితే మధ్యాహ్నానికి అడవిలో ఉండవచ్చు.

పారిసుకు అరవై కిలోమీటర్ల దూరంలో ఫాంటెన్‌బ్లో అనే పెద్ద అడవి ఉంది. దాని అంచున బార్బిజాన్ అనే చిన్న పల్లె. అక్కడ గాన్ అనే ఆయన నడిపిన పూటకూటి ఇల్లు చిత్రకారులకు విడిది అయింది. పొద్దున్నే భోజనం మూట కట్టుకుని అడవిలోకి పోవడం, చీకటి పడ్డాక వచ్చి కబుర్లాడుకుంటూ ఆ ఇంటి గోడల మీద, బీరువా తలుపుల మీద కూడా బొమ్మలు వేయడం! ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఆ తలుపుల మీది బొమ్మలు నేటికీ చూడవచ్చు.

ఆ గుంపులో పెద్ద తియడోర్ రూసో. అడవిలో మహావృక్షాలను నరుకుతుంటే ఆయన, మిత్రులు ఊరుకోలేదు. మొర పెట్టుకోగా పెట్టుకోగా, 1861లో వెయ్యి హెక్టార్లకు పైగా అడవిని చిత్రకళ కోసమని నరకకుండా కాపాడుతూ ప్రభుత్వం ఉత్తర్వు చేసింది. అమెరికావారి ఎల్లోస్టోన్ వనానికి రక్షణ వచ్చింది 1872లో. చెట్టు కింద కూర్చుని దాని బొమ్మ వేసినవాళ్లకు ఆ చెట్టు బంధువైపోతుంది కాబోలు.

నలుగురు మిత్రులు

ఆ తర్వాతి తరంలో పారిసులో గ్లేర్ అనే గురువుగారి దగ్గర నలుగురు కుర్రవాళ్లు కలుసుకున్నారు. రెన్వార్ దర్జీవాని కొడుకు. చిన్నతనంలో పింగాణీ పళ్లేల మీద పువ్వులు వేసి పొట్ట పోసుకున్నవాడు. సిస్లే ఆంగ్లేయ దంపతుల బిడ్డ. మోనే సముద్రపుటొడ్డున లహావ్ర్ పట్టణంలో పెరిగాడు. నాలుగోవాడు బజీల్. దక్షిణాది సంపన్న కుటుంబం. వైద్యం చదవమని తండ్రి పంపితే కుంచె పట్టాడు.

1863 వసంతం మొదలు ఈ మిత్రులు ఫాంటెన్‌బ్లో అడవి పక్కన షయ్యీ అనే ఊరికి వెళ్లి ఆరుబయట బొమ్మలు వేయసాగారు. 1865లో అక్కడ మోనే కాలికి గట్టి దెబ్బ తగిలింది. బజీల్ చదివిన వైద్యం అప్పుడు పనికి వచ్చింది. మంచం పైన ఒక పాత్ర వేలాడదీసి, గాయం మీద నీరు బొట్టుబొట్టుగా పడే ఏర్పాటు చేశాడు. ఆ పైన ఊరుకున్నాడా? మంచంలో విసుగ్గా పడుకున్న మిత్రుణ్ణి పాత్రతో సహా బొమ్మ వేశాడు! ఆ చిత్రం పారిసులో ఓర్సే మ్యూజియంలో ఉంది.

మరుసటి ఏడు మోనే తోటలో నలుగురు స్త్రీల బొమ్మ మొదలుపెట్టాడు. ఆ గుడ్డ ఎత్తు రెండున్నర మీటర్లు. పై భాగం వేయడానికి నిచ్చెన ఎక్కితే చూపు మారిపోతుందని, తోటలో గొయ్యి తవ్వి గుడ్డనే కిందికి దింపే ఏర్పాటు చేసుకున్నాడు. ఇంతా చేసి 1867లో సలోన్‌కు పంపితే పనికిరాదన్నారు. ఏటేటా ప్రభుత్వం తరఫున జరిగే పెద్ద ప్రదర్శన అది. అందులో చోటు దొరకని చిత్రకారుడి మొహం కొనేవాడు చూడడు. అప్పుడు బజీల్ ఆ బొమ్మను 2,500 ఫ్రాంకులకు తనే కొన్నాడు. అంత డబ్బు అతని దగ్గరా లేదు. నెలకు 50 ఫ్రాంకుల వాయిదా మీద! స్నేహితుడికి అభిమానం దెబ్బతినకుండా పూట గడిచే దారి చూపడమంటే అదీ.

కప్పల మడుగు

ఇక అసలు కథ 1869 వేసవిది. పారిసు పక్కన సేన్ నది మీద లా గ్రెనూయేర్ అనే స్నానాల రేవు ఉండేది. ఆ పేరుకు కప్పల మడుగు అని అర్థం. నీటిపై తేలే హోటలు, అద్దె పడవలు, ఒకే ఒక్క చెట్టున్న బుల్లి లంక, దాని మీదికి వెళ్లడానికి ఇరుకు చెక్కవంతెన. సెలవు వస్తే పారిసు జనం రైలెక్కి అక్కడ దిగేవారు.

దగ్గరి పల్లెలో మోనే భార్యాబిడ్డలతో సమానమైన వాళ్లతో కాపురం ఉన్నాడు. అప్పటికింకా పెళ్లి కాలేదు. చేతిలో చిల్లిగవ్వ లేదు. తినడానికి రొట్టె లేదనీ, పొయ్యిలోకి నిప్పు లేదనీ, రాత్రి దీపానికి దిక్కు లేదనీ ఆ ఆగస్టులో బజీల్‌కు రాశాడు. రెన్వార్ తన తల్లిదండ్రుల ఇంటి నుంచి రొట్టె తెచ్చి పెట్టకపోతే ఆ ఇల్లు గడవని రోజులవి. తెచ్చినవాడు మాత్రం ఉన్నవాడా? అతనిదీ అంతంత మాత్రమే. ఇద్దరికీ అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు.

ఆ ఇద్దరూ కప్పల మడుగు ఒడ్డున పక్కపక్కన కూర్చుని బొమ్మలు వేశారు. అదే లంక, అదే చెట్టు, అవే పడవలు. మోనే బొమ్మ ఇవాళ న్యూయార్కులో మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. రెన్వార్‌ది స్టాక్‌హోంలో నేషనల్ మ్యూజియంలో ఉంది. రెంటి నకళ్లూ పక్కపక్కన పెట్టి చూడండి. మోనేకు నీళ్ల మీద ధ్యాస. అలల మీద వెలుగును వెడల్పాటి అడ్డగీతలతో టకటక వేసుకుపోయాడు. మనుషులు అతనికి నాలుగు కుంచె దెబ్బలు మాత్రమే. రెన్వార్‌కు మనుషులు కావాలి. వాళ్లను దగ్గరికి తెచ్చి, ఆడవాళ్ల దుస్తుల తళతళను ఈకతో నిమిరినట్టు మెత్తగా వేశాడు. ఒకరి రొట్టె ఒకరు తిన్నారు గాని, ఒకరి కళ్లతో ఒకరు చూడలేదు.

ఇంట్లో కూచుని ఎందుకు వేయకూడదన్న ప్రశ్నకు జవాబు కూడా ఆ నీళ్లలోనే ఉంది. గదిలో నీడ నల్లగా ఉంటుందని అందరికీ తెలుసు. బయట ఎండలో కూర్చుని తేరిపార చూస్తే నీడలో నీలం కనబడుతుంది, ఊదా కనబడుతుంది, పక్కనున్న ఆకు పచ్చ కనబడుతుంది. అదీ కాసేపే. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు మనవాళ్లు. ఆరుబయట చిత్రకారుడికి సూర్యుడే దీపం. మబ్బు అడ్డం వచ్చేలోగా చూసిందంతా గుడ్డ మీద పడాలి. నునుపు చేసి కూర్చుంటే వెలుగు వెళ్లిపోతుంది. ఆ తొందరలో పుట్టినవే ఆ విడివిడి కుంచె దెబ్బలు.

చిత్రమేమిటంటే, మోనే అక్కడ వేసినవాటిని చిత్తుప్రతులనుకున్నాడు. వాటి ఆధారంగా పెద్ద బొమ్మ వేయాలని తన కల అనీ, రెన్వార్‌కూ అదే కోరిక ఉందనీ బజీల్‌కు రాశాడు. లోకం ఇవాళ నెత్తిన పెట్టుకున్నవి ఆ చిత్తుప్రతులనే! మరుసటి ఏడు సలోన్ వారు మోనేను మళ్లీ కాదన్నారు.

ఖాళీ అయిన చోటు

1870లో ఫ్రాన్సుకూ ప్రష్యాకూ యుద్ధం వచ్చింది. మోనే లండను చేరాడు. రెన్వార్‌ను అశ్వదళంలో వేశారు. బజీల్ తనంతట తానే సైన్యంలో చేరాడు. ఆ నవంబరు 28న బోన్-లా-రోలాండ్ దగ్గర పోరులో నేలకొరిగాడు. అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లు నిండలేదు.

సలోన్ వారి గుమ్మం ముందు నిలబడడం మాని, మనమే చందాలు వేసుకుని ప్రదర్శన పెట్టుకుందామన్న ఆలోచన 1867లోనే బజీల్ తన తల్లిదండ్రులకు రాసిన ఉత్తరంలో ఉంది. అప్పట్లో డబ్బు కూడలేదు. 1874 ఏప్రిల్ 15న ఆ ఆలోచన నిజమైంది. ముప్ఫైమంది చిత్రకారులు కలిసి పారిసులో ప్రదర్శన తెరిచారు. మోనే వేసిన సూర్యోదయం బొమ్మ పేరులోని ‘ఇంప్రెషన్’ అనే మాట పట్టుకుని లూయీ లెరోయ్ అనే విమర్శకుడు ఎగతాళి చేశాడు. ఆ వెక్కిరింతే వాళ్లకు పేరై, ఇంప్రెషనిస్టులన్న బిరుదు నిలిచిపోయింది. మోనే ఉన్నాడు, రెన్వార్ ఉన్నాడు, సిస్లే ఉన్నాడు. మొదట కలగన్న మిత్రుడు మాత్రం లేడు.

అతను వాయిదాల మీద కొన్న ఆ బొమ్మను 1921లో ఫ్రెంచి ప్రభుత్వమే మోనే దగ్గర 2,00,000 ఫ్రాంకులిచ్చి కొన్నది. కాదన్నవాళ్ల వారసులే కళ్లకద్దుకున్నారన్నమాట!

“సరే, ఫోను మాటేమిటండీ?” అన్నాడు మా బావమరిది, టీ గ్లాసు బల్ల మీద పెట్టి.

“ఆ 1874 ప్రదర్శన ఎక్కడ జరిగిందనుకున్నావు? నాదార్ అనే ఫోటోగ్రాఫరు అంతకుముందు నడిపిన స్టూడియోలో! కెమేరా వచ్చి అప్పటికే ముప్ఫై అయిదేళ్లు. దాన్ని ఎరగక కాదు వాళ్లు కుంచె పట్టింది. కెమేరా ముందున్నది చూపిస్తుంది. వీళ్లు చూసినవాడికి ఏది పట్టిందో అది చూపించారు.”

మన రేవులోనూ

ఇదంతా ఎక్కడో ఫ్రాన్సు సంగతి అనుకోనక్కరలేదు. ఇదే రాజమహేంద్రవరంలో ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే దొర స్వయంగా చిత్రకారుడు, రచయిత. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు వంటి కుర్రవాళ్లను చేరదీసి, వాళ్ల కుంచెకు చేయూత ఇచ్చాడు. దామెర్ల బొంబాయి వెళ్లి చిత్రకళ అభ్యసించి, పేరు తెచ్చుకుని, అక్కడే ఉండిపోకుండా తిరిగి వచ్చి ఈ ఊళ్లోనే చిత్రకళాశాల పెట్టాడు. 1925లో మశూచి ఆయనను పొట్టన పెట్టుకుంది. ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. బజీల్ సంగతి చెప్పినప్పుడల్లా నాకు దామెర్ల గుర్తుకు వస్తాడు. ఇక్కడా మిత్రులే ఆదుకున్నారు. వరదా వెంకటరత్నంగారు ఆ కళాశాలను నిలబెట్టారు. దామెర్ల చిత్రాలు ఊళ్లో ఆయన పేరిట ఉన్న ఆర్టు గ్యాలరీలో ఉన్నాయి. గోదావరి చూడడానికి వెళ్లినవారు పిల్లలను ఆ గడప కూడా తొక్కించి తీసుకురండి.

తిరిగి వచ్చేసరికి ఎండ ఎక్కింది. పిల్లలు బొమ్మలన్నీ మెట్ల పక్క గోడకు వరసగా ఆనించి, చుట్టూ చేరి వాదించుకుంటున్నారు. నీళ్లు వేసిన అమ్మాయి నీలం రంగు అయిపోతే, ముసలివాణ్ణి వేసిన అమ్మాయి తన గొట్టం అడుగంటా పిండి ఇచ్చిందట. ఇద్దరి చేతులకూ ఒకే నీలం.

మా బావమరిది మొదటి బొమ్మ దగ్గర నుంచి చివరి బొమ్మ దాకా నెమ్మదిగా నడిచాడు. మళ్లీ వెనక్కి వచ్చి నది వంక చూశాడు. పడవ ఎప్పుడో వెళ్లిపోయింది.

“ఒక్క పడవకు పన్నెండు లెక్కలండీ!” అన్నాడు. “ఒక్కటీ రెండోదానితో కలవదు. తప్పు మాత్రం దేంట్లోనూ కనబడదు.”

ఇంటికి వచ్చే దారిలో పుస్తకాల కొట్టు ముందు ఆగి, తన కూతురికి రంగుల పెట్టె కొన్నాడు. కుంచెలు మాత్రం రెండు జతలు తీసుకున్నాడు. రెండెందుకయ్యా అని నేను అడగలేదు.