వాన మాట తెలియకున్నా... రైతు మాట సిద్ధంగా ఉండాలి

అనంతపురం: వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు పెద్దలు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే ఉమ్మడి అనంతపురం జిల్లాలో మెట్ట రైతుకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. మృగశిర కార్తె వచ్చిందంటే ఇంటిల్లిపాదీ ఆకాశం వంక చూడటమే. విత్తితే వాన ముఖం చాటేస్తుందేమోనని ఒక దిగులు. విత్తకుంటే అదను తప్పుతుందేమోనని ఇంకో దిగులు.

వాన వస్తుందా రాదా అన్నది రైతు చేతిలో లేదు. వస్తే ఏం చేయాలి, రాకుంటే ఏం చేయాలి అన్నది మాత్రం అతని చేతిలోనే ఉంది. ఈ రెండింటినీ వేరు చేసి చూసుకుంటే సగం బెంగ తీరుతుంది.

గడువు ముందే పెట్టుకోవాలి

వేరుశనగ పెట్టుబడిలో విత్తనానిదే పెద్ద వాటా. అందుకే వేసవిలోనే ఇంట్లో కూర్చుని గడువు అనుకోవడం మంచిది. జూలై నెలాఖరులోగా పదును వాన పడితే వేరుశనగ. పడకుంటే ఆ మూట విప్పరాదు. ఆలస్యంగా వేసిన చేనులో కాయ ఊరే వేళకు బెట్ట తగిలే భయం ఎక్కువ. ఆగస్టులో పదునైతే కొర్ర, జొన్న, అలసంద వంటివి; ఇంకా వెనకబడితే ఉలవ. ఇలా ముందే అనుకున్న ఇంట్లో, పక్క చేనులో గొర్రు కదిలిందని కంగారు పడే పని ఉండదు.

సూచన వేరు, హామీ వేరు

ఈ ఏడు వర్షం ‘సాధారణం’ అన్న మాట విని ధీమా పడరాదు. వాతావరణ శాఖ లెక్కలో జిల్లాకు సగటుకన్నా 19 శాతం తక్కువ పడినా, 19 శాతం ఎక్కువ పడినా సాధారణమే. పైగా నెల వాన నాలుగు రోజుల్లో కురిసి, తక్కిన రోజులు ఎండిపోయినా మొత్తం లెక్క సరిపోతుంది. చేనుకు మాత్రం సరిపోదు. అందుకే సీజను మొత్తానికి చెప్పే మాటకన్నా, వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో వెలువడే వ్యవసాయ వాతావరణ సలహాలే మందు కొట్టడానికి, చేను పీకడానికి ఎక్కువ అక్కరకొస్తాయి.

ఒక్కదాన్నే నమ్ముకోరాదు

వేరుశనగ మధ్య కంది సాళ్లు వేసుకోవడం ఇక్కడి పాత అలవాటే. ఊడలు దిగేటప్పుడు బెట్ట తగిలి వేరుశనగ దెబ్బతిన్నా, తర్వాతి వానలకు కంది కోలుకుంటుంది. పంటకుంటలో నీరుంటే ఒక్క తడి చేనును కాపాడవచ్చు. నాలుగు గొర్రెలుంటే కరువునాడు ఇల్లు గడుస్తుంది. పంట బీమా గడువు దాటనివ్వరాదు. అన్నిటికన్నా ముఖ్యం, కాయ ఇంటికి చేరకముందే ఆ డబ్బును నమ్మి పెళ్లి ఖర్చుకో, కొత్త అప్పుకో మాట ఇవ్వరాదు.

ఇంత జాగ్రత్త పడ్డా ఒక్కో ఏడు పంట పోతుంది. అప్పుడు ‘నువ్వే విత్తమన్నావు’ అని ఆలుమగలు, తండ్రీకొడుకులు నిందలు వేసుకోవడం చాలా ఇళ్లలో ఉన్నదే. నలుగురూ కలిసి, ఆనాటికి తెలిసినదాన్నిబట్టి తీసుకున్న నిర్ణయమైతే అందులో ఎవరి తప్పూ లేదు. సరిగ్గా ఆలోచించి విత్తినా వాన రాకపోవచ్చు. నష్టం వచ్చిందని ఆలోచన తప్పు కాబోదు. ఈ ఒక్క మాట ఇంట్లో అందరికీ ఒప్పుదలైతే, మరుసటి తొలకరికి గొర్రు పట్టే ధైర్యం మిగులుతుంది.