రాతి తోరణం చెప్పిన సగం కథ

నేను రోము నగరం చూడలేదు. మా ఊరి నుంచి ఈ కాలేజీకి రావడమే మా ఇంటివాళ్ళ లెక్కలో పెద్ద ప్రయాణం. అయినా సంచికకు వ్యాసం రాయమంటే రోములోని టైటస్ విజయతోరణం గురించే రాయాలనిపించింది. దానికి కారణం మా చేలో ఉన్న పాత బావి.

బోరు వేశాక ఆ బావి ఎండిపోయింది. పోయిన వేసవి సెలవుల్లో మా నాన్న, "ఆ రాళ్ళు ఊడదీసి పశువుల కొట్టం పునాదికి వేద్దాంరా" అన్నాడు. ఇద్దరం వెళ్ళి చూశాం. రాయికీ రాయికీ మధ్య ఎక్కడా సున్నం లేదు. మరి చుట్టూ ఉన్న మట్టి ఒత్తిడికి ఇన్నేళ్ళు ఎలా నిలిచిందని అడిగాను. "గుండ్రంగా కట్టారు గదా, ఒకదాన్నొకటి నొక్కి పట్టుకుంటాయి" అన్నాడు నాన్న. కాలేజీకి వచ్చాక లైబ్రరీలో ఒక పుస్తకం తిరగేస్తుంటే టైటస్ తోరణం బొమ్మ కనబడింది. మా బావి గోడను సగానికి కోసి నిలబెట్టినట్టుంది!

ముందు దాని నిర్మాణం చూద్దాం. ఓరుగల్లు కోటలోని కీర్తితోరణాలు మనలో చాలామంది చూసే ఉంటారు. అక్కడ నిలువు స్తంభాల మీద రాతి దూలాలు అడ్డంగా పరిచారు. దూలం మీద బరువు పడితే పైభాగం నొక్కుకుంటుంది, కిందిభాగం సాగుతుంది. రాయి నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది గాని, సాగదీస్తే ఇట్టే పగులుతుంది. అందుచేత రాతి దూలంతో దాటగలిగే దూరానికి ఒక హద్దు ఉంది.

ఆ హద్దును దాటే ఉపాయమే కమాను. పైన వెడల్పుగా, కింద సన్నగా చెక్కిన రాళ్ళను అర్ధవృత్తంలో పేరుస్తారు. కట్టేటప్పుడు కింద కొయ్య చట్రం ఆధారంగా ఉంటుంది. నడినెత్తిన ఆఖరి రాయి బిగిశాక చట్రం తీసేయవచ్చు. ప్రతి రాయీ కిందికి జారాలని చూస్తుంది, పక్క రాళ్ళు జారనివ్వవు. సాగడమన్నది లేకుండా అంతా నొక్కుడుగానే మారిపోతుంది. అయితే ఒక చిక్కుంది. ఆ బలం రెండు పక్కలకూ తన్నుతుంది. ఆ తన్నుడును ఆపడానికి ఇరువైపులా బలమైన దిమ్మెలు కావాలి.

టైటస్ తోరణం ఎత్తు సుమారు 15.4 మీటర్లు, వెడల్పు 13.5 మీటర్లు. నడిమి దారి వెడల్పు 5.36 మీటర్లు. తీసివేత చేస్తే ఒక్కొక్క దిమ్మెకు నాలుగు మీటర్ల పైచిలుకు వస్తుంది. అంటే దారికంటే దిమ్మెలే ఎక్కువ చోటు తీసుకున్నాయి! పైన శాసనం చెక్కిన బరువైన అంతస్తు కూడా అందానికి మాత్రమే కాదు. దాని బరువు పక్కకు తన్నే బలాన్ని నేల వైపు మళ్ళిస్తుంది.

ఇక కథలోకి వద్దాం. క్రీ.శ. 70లో రోమన్ సేనాని టైటస్ జెరూసలేం నగరాన్ని పట్టుకున్నాడు. యూదుల దేవాలయం తగలబడిపోయింది. మరుసటి ఏడు రోములో తండ్రి వెస్పేసియన్ చక్రవర్తితో కలిసి విజయోత్సవం జరిపాడు. తర్వాత తానే చక్రవర్తి అయి, క్రీ.శ. 81లో చనిపోయాడు. అతని తమ్ముడు డొమీషియన్ కాలంలో ఈ తోరణం లేచింది.

దారి లోపల రెండు గోడల మీదా రెండు పెద్ద శిల్ప ఫలకాలున్నాయి. ఒకదానిలో టైటస్ నాలుగు గుర్రాల రథమెక్కి వస్తుంటాడు. వెనక విజయదేవత అతని తలపై కిరీటం పెడుతుంటుంది. రెండో దానిలో సైనికులు దేవాలయం సొత్తు మోసుకుపోతుంటారు. ఏడు కొమ్మల దీపస్తంభం, నైవేద్యపు బల్ల, వెండి బాకాలు స్పష్టంగా కనిపిస్తాయి. శిల్పి ముందున్న మనుషులను బాగా పైకి, వెనకున్న వారిని పలచగా చెక్కాడు. అందువల్ల నీడలు పడి, ఊరేగింపు నిజంగా మన పక్క నుంచే సాగిపోతున్నట్టుంటుంది. బాగా ముందుకు పొడుచుకొచ్చిన తలలే ముందు విరిగిపోయాయి. టైటస్ ముఖం కూడా మిగల్లేదు. 2012లో పరిశోధకులు దీపస్తంభం మీద పసుపు రంగు జాడలు కనుగొన్నారు. అంటే ఒకప్పుడు అది బంగారంలా మెరుస్తూ కనబడేదన్నమాట.

పైకప్పు నడుమ గరుడపక్షి టైటస్‌ను స్వర్గానికి మోసుకుపోతున్న శిల్పం ఉంది. బయట, కమాను పైన సన్నని పట్టీలో బలికి తోలుకుపోతున్న ఎడ్లున్నాయి. పక్కనే కొందరు ఒక పడుకున్న మనిషి ప్రతిమను మోస్తుంటారు. అది జోర్డాన్ నది అని పండితులు చెబుతారు. నదిని కూడా ఓడించి ఊరేగించారన్నమాట! కాలువ నీటికోసం రాత్రిళ్ళు కాపలా కాసిన ఇంట్లో పుట్టినవాణ్ణి. ఆ వాక్యం చదివాక పుస్తకం కాసేపు మూసేశాను.

తోరణం మీది పాత శాసనం చాలా చిన్నది. రోము సెనేటూ ప్రజలూ దివ్యుడైన టైటస్‌కు అంకితమిచ్చారని మాత్రమే ఉంటుంది. జెరూసలేం పేరే లేదు. గెలిచినవాడి పేరు రాతికెక్కింది, ఓడినవాళ్ళ సొత్తు బొమ్మకెక్కింది. కాని కథ అక్కడితో ఆగలేదు. తరతరాలుగా రోములోని యూదులు ఆ తోరణం కింద నడవడం మానుకున్నారు. 1949లో ఇజ్రాయెల్ దేశం తన రాజ్యచిహ్నంగా తీసుకున్న దీపస్తంభం రూపం ఈ శిల్పంలోనిదే. ఓటమిని చూపడానికి చెక్కిన బొమ్మే ఆ జాతి గుర్తును భద్రపరిచింది.

మధ్యయుగాల్లో ఫ్రాంజిపానె అనే కుటుంబం ఈ తోరణాన్ని తమ కోటలో కలిపేసుకుంది. బయటి భాగాలు చాలావరకు పోయాయి. 1821 ప్రాంతంలో వలాదియే అనే వాస్తుశిల్పి రాళ్ళను విడదీసి మళ్ళీ నిలబెట్టాడు. పోయిన భాగాలకు పాలరాయి వాడకుండా ట్రావెర్టీన్ అనే వేరే రాయి వాడాడు. అందుచేత ఏది పాతదో, ఏది కొత్తదో చూడగానే తెలుస్తుంది. బాగుచేసినవాడు అబద్ధం చెప్పకూడదన్న ఆ నిజాయితీ నాకెంతో నచ్చింది.

మిత్రులారా, ఇంత చదివినా ఆ రాళ్ళు చెక్కినవారి పేరు ఒక్కటీ నాకు దొరకలేదు. మా బావి కట్టిన వడ్డెర్ల పేర్లు మాత్రం మా నాయనమ్మకు గుర్తున్నాయట. బావి జోలికి ఇప్పుడే పోవద్దని నాన్నకు చెప్పాను. "సంక్రాంతికి రా, చూద్దాం" అన్నాడు. ఈసారి వెళ్ళినప్పుడు ముందుగా నాయనమ్మ దగ్గర కూర్చుని ఆ పేర్లు రాసుకోవాలి.