‘దుబారా’ అంటే రెండోసారి: యుద్ధవిమానాల కొనుగోలులో వ్యయం, వృథా – ఒక వివరణ

సారాంశం:
యుద్ధవిమానాల కొనుగోలుపై తెలుగులో సాగే చర్చ ఎక్కువగా ఒక్కో విమానం వెల ఎంత అన్న ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. వెల పెరగడం వేరు, ప్రజాధనం వృథా కావడం వేరు. ఈ భేదాన్ని ‘దుబారా’ అనే మాట మూలార్థం ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. తేజస్, రఫేల్ కొనుగోళ్ల లెక్కలను పరిశీలించి, ఆ పరిశీలన కృష్ణా దిగువ డెల్టాలో వెలుస్తున్న రక్షణరంగ నిర్మాణాలను అర్థం చేసుకోవడానికి ఎలా ఉపకరిస్తుందో ఈ వ్యాసం చూపుతుంది.

కీలకపదాలు: దుబారా, వ్యయం, జాప్యం, తేజస్, రఫేల్, కాగ్, మచిలీపట్నం, నిమ్మలూరు, నాగాయలంక.

1. ఉపోద్ఘాతం:
1983లో రక్షణరంగానికి సంబంధించి రెండు నిర్ణయాలు జరిగాయి. 1926లో మచిలీపట్నంలో పుట్టి, కాలక్రమంలో కుంగిపోయిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని భారత్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్ (బెల్) తన యూనిట్‌గా స్వీకరించింది. అదే ఏడాది తేలికపాటి యుద్ధవిమానాన్ని స్వదేశంలో రూపొందించే పథకానికి కేంద్ర ప్రభుత్వం రూ. 560 కోట్లు మంజూరు చేసింది. ఈ రెండింటికీ నేరుగా సంబంధం లేదు. కానీ వాటి తర్వాతి చరిత్రలను పక్కపక్కన ఉంచి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. మచిలీపట్నం యూనిట్ దృశ్య పరికరాల తయారీలో స్థిరపడి, సైన్యానికి చీకట్లో చూపునిచ్చే సాధనాలను అందిస్తూ వచ్చింది. తేజస్‌గా పేరుపొందిన విమానం మాత్రం 2001 జనవరి 4న తొలిసారి ఎగిరింది. 2013 డిసెంబరులో ప్రాథమిక వినియోగ అనుమతిని, 2019 ఫిబ్రవరిలో తుది అనుమతిని పొందింది. మంజూరుకూ తుది అనుమతికీ మధ్య గడిచిన ముప్పై అయిదేళ్లకు పైగా కాలానికి దేశం చెల్లించిన మూల్యం ఎంత? విమానం వెలను మాత్రమే అడిగేవారికి ఈ ప్రశ్న తట్టదు.

2. మాటల మధ్య భేదం:
ధర, వ్యయం, దుబారా అనే మాటలను వార్తాకథనాల్లో ఒకదానికి బదులు మరొకటి వాడటం పరిపాటి. శాస్త్రీయ చర్చకు ఈ వాడుక చాలదు. ‘ధర’ అంటే అమ్మేవాడికి చెల్లించే మొత్తం. ‘వ్యయం’ అంతకంటె విస్తృతమైనది. విమానంతోపాటు ఆయుధాలు, విడిభాగాలు, శిక్షణ, హ్యాంగర్లు, మూడు నాలుగు దశాబ్దాల నిర్వహణ అందులోకి వస్తాయి. విమానం కొన్న నాటి ఖర్చుకంటె దాన్ని జీవితకాలమంతా ఎగరనివ్వడానికి అయ్యే ఖర్చు ఎక్కువ కావడం సాధారణం.

‘దుబారా’ హిందుస్తానీ నుంచి తెలుగులోకి వచ్చిన మాట. మూలంలో దానికి ‘రెండోసారి’, ‘మళ్లీ’ అని అర్థం. తెలుగులో అది అనవసరపు ఖర్చు అనే అర్థంలో స్థిరపడింది. ఈ అర్థపరిణామం ఆలోచింపదగినది. ఒక అవసరానికి ఒకసారి చెల్లించి, అది తీరకపోవడంతో మళ్లీ చెల్లించడమే అసలైన దుబారా. డెల్టా రైతుకు ఇది అనుభవంలో ఉన్న విషయమే. కాలువ నీరు ఆలస్యమైతే పోసిన నారు మడిలోనే ముదిరిపోతుంది. మళ్లీ విత్తనం తెచ్చి నారు పోయాలి. విత్తనాల ధర ఒక్క రూపాయి పెరగకపోయినా ఆ రైతు రెండింతలు ఖర్చు చేసినట్లే. ఇక్కడ నష్టానికి కారణం ధర కాదు, జాప్యం.

3. భాగాహారంలోని చిక్కు:
ఒప్పందం మొత్తాన్ని విమానాల సంఖ్యతో భాగించి, వచ్చిన అంకెను ‘ఒక్కో విమానం ధర’గా చూపడం సులభం. తేజస్ మార్క్-1ఎ ఉదాహరణను పరిశీలిద్దాం. 2021 జనవరిలో 83 విమానాలకు కేంద్ర మంత్రివర్గ భద్రతా కమిటీ ఆమోదించిన మొత్తం రూ. 45,696 కోట్లు. 2025 సెప్టెంబరులో మరో 97 విమానాలకు కుదిరిన ఒప్పందం విలువ, పన్నులు కాక, రూ. 62,370 కోట్లు. భాగించి చూస్తే మొదటిది సుమారు రూ. 550 కోట్లు, రెండోది సుమారు రూ. 643 కోట్లు. ఒక్కో విమానానికి తొంభై కోట్లకు పైగా పెరిగిందని శీర్షిక పెట్టవచ్చు. అయితే ఈ పెరుగుదల నాలుగున్నరేళ్లకు పైగా కాలంలో వచ్చింది. ఏడాదికి లెక్కిస్తే అది సుమారు మూడున్నర శాతమే. పైగా రెండు ఒప్పందాల్లోని సామగ్రి ఒకటి కాదు. రెండో దానిలో రెండు సీట్ల విమానాలు 29 ఉన్నాయి; స్వదేశీ పరికరాల వాటా కూడా పెరిగింది. ఈ అంకెల ఆధారంగా దుబారా జరిగిందని గానీ, జరగలేదని గానీ తేల్చడం సాధ్యం కాదు.

అదే ఒప్పందంలో అసలు చూడవలసిన అంశం వేరే ఉంది. 83 విమానాల అప్పగింత 2024 మార్చిలో మొదలు కావలసి ఉంది. వాటికోసం అమెరికా సంస్థ జనరల్ ఎలక్ట్రిక్‌తో 2021లో 99 ఇంజన్లకు ఒప్పందం కుదిరింది. ఆ ఇంజన్లలో మొదటిది 2025 మార్చిలో గాని అందలేదు. విమానం స్వదేశీయమైనా దాని గుండెకాయ విదేశీయం కావడంతో, జాప్యంపై మన అదుపు పరిమితమైంది.

4. సంఖ్య తగ్గితే భారం పెరుగుతుంది:
వ్యయం పెరగడానికి మరో ప్రధాన కారణం కొనే సంఖ్య తగ్గడం. పరిశోధన, రూపకల్పన, పరీక్షలు, యంత్రసామగ్రి స్థిరవ్యయాలు. పది విమానాలు కొన్నా నూరు కొన్నా అవి దాదాపు మారవు. సంఖ్య తగ్గినకొద్దీ ఒక్కోదానిపై పడే భారం పెరుగుతుంది. భారం పెరిగిందని సంఖ్యను ఇంకా తగ్గిస్తారు. అమెరికాలో బి-2 బాంబర్లు 132 కొనాలని తలపెట్టి 21తో ఆపివేశారు. రూపకల్పన ఖర్చును కలిపితే ఒక్కొక్కటి రెండు వందల కోట్ల డాలర్లు దాటింది. ఈ ధోరణి ఇలాగే సాగితే 2054 నాటికి అమెరికా రక్షణ బడ్జెట్ మొత్తం వెచ్చించినా ఒక్క విమానమే వస్తుందని నార్మన్ ఆగస్టీన్ అనే వైమానిక రంగ నిపుణుడు వ్యంగ్యంగా లెక్కగట్టాడు. అతిశయోక్తి అయినా అందులోని తర్కం సరైనదే.

మన దేశంలో రఫేల్ వ్యవహారం ఈ కోణంలో చూడదగినది. 126 మధ్యతరహా యుద్ధవిమానాల కోసం 2007 ఆగస్టులో ప్రతిపాదనలు కోరారు. 2012 జనవరిలో రఫేల్ ఎంపికైంది. చర్చలు ముడిపడక 2015లో ఆ ప్రక్రియను ఉపసంహరించారు. 2016 సెప్టెంబరులో 36 విమానాలకు 787 కోట్ల యూరోల ఒప్పందం కుదిరింది. ఆపై దేశంలో సాగిన వివాదమంతా ధరపైనే. 2019 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదిక, 2007 నాటి ప్రతిపాదనతో సరిపోల్చి కొత్త ఒప్పందం 2.86 శాతం తక్కువని పేర్కొంది. ఆ శాతం చుట్టూ వాదోపవాదాలు నడిచాయి. కానీ తొమ్మిదేళ్ల ప్రక్రియ తర్వాత 126 స్థానంలో 36 మాత్రమే రావడం, మిగిలిన తొంభై విమానాల అవసరం అలాగే నిలిచిపోవడం ధర లెక్కలో కనిపించవు. మన అవసరాలకోసం ప్రత్యేకంగా చేయించిన మార్పుల ఖర్చు కూడా ఆ 36 విమానాలపైనే పడింది.

5. రెండోసారి చెల్లింపు:
జాప్యానికి వెల కట్టడం కష్టం. అయినా తేజస్ విషయంలో 2015 నాటి కాగ్ నివేదిక ఆ పని కొంతవరకు చేసింది. తేజస్ సమయానికి రాకపోవడంతో వైమానిక దళం మిగ్-బిస్, మిగ్-29, జాగ్వార్, మిరాజ్ విమానాలను ఆధునికీకరించడం వంటి తాత్కాలిక ఏర్పాట్లకు రూ. 20,037 కోట్లు వెచ్చించవలసి వచ్చిందని అందులో ఉంది. 1983లో మంజూరైన రూ. 560 కోట్లతో ఈ అంకెను నేరుగా పోల్చకూడదు. రూపాయి విలువ మారింది; ఆధునికీకరించిన విమానాలు కొంతకాలం ఉపయోగపడ్డాయి కూడా. అయినా ఒకే అవసరానికి రెండు దారుల్లో చెల్లించామన్నది నిజం. ‘దుబారా’ మాట మూలార్థానికి ఇంతకంటె తగిన ఉదాహరణ దొరకదు.

జాప్యపు మూల్యం డబ్బుతో ముగిసేది కాదు. 1963లో చేరిన మిగ్-21 శ్రేణి 2025 సెప్టెంబరు 26 వరకు సేవలో ఉండవలసి వచ్చింది. అది వైదొలగాక, మంజూరైన 42 స్క్వాడ్రన్లకుగాను 29 మాత్రమే మిగిలాయి. కాలం చెల్లిన విమానాల్లో శిక్షణ పొందే యువకుల ప్రాణభయాన్ని ఏ పద్దులో రాయాలి?

లంచం ఆరోపణలకు ‘కుంభకోణం’ అనే పేరుంది, అందులో నిందితులుంటారు, వార్త పుడుతుంది. జాప్యానికి నిందితుడు లేడు. ప్రమాణాలను మధ్యలో మార్చిన అధికారి, నిర్ణయాన్ని వాయిదా వేసిన కమిటీ, ఇంజను ఆలస్యం చేసిన సరఫరాదారు – ప్రతి ఒక్కరి వద్దా సమంజసమైన కారణం ఉంటుంది. అందుకే అతిపెద్ద వృథా అతి తక్కువ చర్చకు నోచుకుంటోంది.

6. కృష్ణా దిగువ డెల్టాలో:
ఈ చర్చ మన ప్రాంతానికి దూరమైనది కాదు. గుడివాడకు సమీపాన పామర్రు మండలం నిమ్మలూరులో సుమారు రూ. 360 కోట్లతో బెల్ నిర్మించిన అధునాతన నైట్ విజన్ ఉత్పత్తుల కర్మాగారాన్ని 2025 అక్టోబరు 16న ప్రధానమంత్రి జాతికి అంకితం చేశారు. తేజస్ మార్క్-1ఎ పరికరాలకోసం 2021 డిసెంబరులో బెల్‌కు వచ్చిన రూ. 2,400 కోట్ల ఆర్డరు బెంగళూరు, పంచకుల యూనిట్లకు చెందినది. మన జిల్లా యూనిట్ల పని దృశ్య పరికరాలది. అయినా సూత్రం ఒకటే. కర్మాగారం స్థిరవ్యయం. దానికి ఏటా క్రమంగా ఆర్డర్లు వస్తే ఒక్కో పరికరంపై భారం తగ్గుతుంది, నైపుణ్యం నిలుస్తుంది. ఆర్డర్లు ఆగి ఆగి వస్తే అదే కర్మాగారం భారమవుతుంది.

దివిసీమలో నాగాయలంక మండలం గుల్లలమోదలో ప్రతిపాదించిన క్షిపణి పరీక్షా కేంద్రానికి 2025 మే 2న శంకుస్థాపన జరిగింది. అంచనా సుమారు రూ. 1,460 కోట్లు. దశాబ్దానికి పైగా ప్రతిపాదన దశలోనే ఉన్న పథకమిది. ఈ మొత్తం ఎక్కువా, తక్కువా అన్నది మొదట అడగవలసిన ప్రశ్న కాదు. ఎప్పటికి పూర్తవుతుంది? ఏడాదికి ఎన్ని పరీక్షలు జరుగుతాయి? ఒడిశా తీరంలో సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో పరీక్షలపై పరిమితులుంటాయి; మడ అడవులు, బావురు పిల్లులు ఉన్న కృష్ణా ముఖద్వారంలో అలాంటి పరిమితులను ముందుగానే లెక్కలోకి తీసుకున్నారా? చాందీపూర్‌లో పరీక్షల సమయంలో సమీప గ్రామస్థులను తాత్కాలికంగా తరలించి పరిహారం చెల్లిస్తారు. వేటకు వెళ్లలేని రోజులకు ఇక్కడి మత్స్యకారులకు దక్కేదేమిటి? ఇవి వ్యయంలో భాగాలే. ఆరంభంలో లెక్కించకపోతే తర్వాత వివాదాలుగా, జాప్యాలుగా, రెండోసారి చెల్లింపులుగా తిరిగి వస్తాయి.

1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన దివిసీమకు, 2024 సెప్టెంబరు వరదల్లో హెలికాప్టర్ల సాయం పొందిన విజయవాడకు సైనిక విమానాలు అనవసరమైన ఆడంబరం అనిపించవు. అవసరమైన వేళకు పనిచేసే స్థితిలో ఉండటమే వాటి విలువ. ఆలస్యంగా వచ్చిన హెలికాప్టరు ఎంత చౌకగా కొన్నదైనా వరదలో చిక్కుకున్నవాడికి ఉపయోగపడదు.

7. ముగింపు:
యుద్ధవిమానాల వెల పెరగడానికి సాంకేతికత, ద్రవ్యోల్బణం, దిగుమతులపై ఆధారపడటం కారణాలు. వీటిలో కొన్ని అనివార్యం. వృథా మాత్రం ప్రధానంగా కాలానికి సంబంధించినది. కాబట్టి ఏ కొనుగోలునైనా పరిశీలించేటప్పుడు మూడు అంకెలను కలిపి చూడాలి: మొత్తం ఎంత, సంఖ్య ఎంత, అనుకున్న తేదీకీ అందిన తేదీకీ మధ్య దూరం ఎంత. మొదటి అంకె ఒక్కటే చెప్పే కథనం అసంపూర్ణం. విధాన విషయాలపై రాసేవారు ధర, వ్యయం, దుబారా అనే మాటలను వాటి వాటి అర్థాల్లో వాడితే, నాగాయలంక మత్స్యకారుడైనా నిమ్మలూరు కార్మికుడైనా తనకు సంబంధించిన లెక్కను తానే అడగగలుగుతాడు.